ఊరి ఎన్నికను రాష్ట్రం ఎన్నికతో కలిపేయడం మంచిదేనా?

బేసి ఏడాది ఓటరు (డెట్రాయిట్ శివారు)

నమస్కారం అండీ. ఇక్కడ అందరూ రాసేవి చదవడమే గానీ నేను రాయడం ఇదే మొదలు. ఒక విషయం కొన్నాళ్ళుగా మనసులో నలుగుతోంది, మీ మాట వినాలని ఉంది.

డెట్రాయిట్ శివారులో ఒక చిన్న నగరంలో ఉంటాం. సిటిజెన్‌షిప్ వచ్చాక నేనూ మా ఆవిడా మొదటిసారి ఓటు వేసింది 2024 నవంబర్‌లో. మా పోలింగ్ కేంద్రం పిల్లలు చదివే స్కూలు జిమ్. ఆ రోజు లైను తలుపు దాటి పార్కింగ్ దాకా వచ్చింది. మిషిగన్‌లో ఆసారి 56 లక్షల పైచిలుకు మంది ఓటు వేశారు, రాష్ట్ర చరిత్రలో అంతకుముందు ఎప్పుడూ అంతమంది వేయలేదు.

ఏడాది తిరిగింది. 2025 నవంబర్‌లో అదే జిమ్‌లో మా మేయర్‌కీ కౌన్సిల్‌కీ ఎన్నిక. నేను వెళ్ళేసరికి సిబ్బంది ఆరుగురు, ఓటర్లం ఇద్దరం. ఆ రెండో మనిషి చేతికర్ర పట్టుకుని వచ్చిన పెద్దాయన. మా వీధిలో పదకొండు తెలుగు ఇళ్ళు ఉన్నాయి. సాయంత్రం అడిగితే, ఆ రోజు ఎన్నిక ఉందని తెలిసినవాళ్ళు రెండిళ్ళలో.

మా వెనక మురుగు కాలువ పొంగి రెండేళ్ళలో రెండుసార్లు బేస్‌మెంట్‌లోకి నీళ్ళొచ్చాయి. కార్పెట్టూ, పిల్లల పుస్తకాలూ, అమ్మ ఇచ్చి పంపిన వీణా పోయాయి. ఆ కాలువ సంగతి చూడాల్సింది వాషింగ్టన్ కాదు, గవర్నర్ కాదు, మా కౌన్సిల్‌లో కూర్చునే ఏడుగురు. వాళ్ళని ఎన్నుకునే రోజున జిమ్ ఖాళీ.

ఇప్పుడు మా కౌన్సిల్‌లో ఒక ప్రతిపాదన నడుస్తోంది. నగర ఎన్నికను బేసి సంవత్సరం నుంచి తీసి, సరి సంవత్సరం నవంబర్‌లో గవర్నర్, లెజిస్లేచర్ ఎన్నికలతో కలపాలని. వచ్చే నెల మీటింగ్‌లో జనానికి తలా మూడు నిమిషాలు ఇస్తారు. మాట్లాడదామనుకుంటున్నాను. కలపాలనే ఉంది నాకు. కానీ ఇందులో నాకు కనపడని గొయ్యి ఏదన్నా ఉందేమోనన్న టెన్షన్ కూడా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.


వ్యాలీలో వెన్నెల (లాస్ ఏంజెలెస్)

కలపమనే చెప్పండి అన్నా, అనుమానమే వద్దు. మా ఊరి అనుభవం చెప్తాను.

ఇక్కడ ఒకప్పుడు నగర ఎన్నిక బేసి ఏడాది మార్చిలో ఒక విడత, మేలో రెండో విడత ఉండేది. 2013లో ఎవరు మేయర్ అవుతారో తేలని గట్టి పోటీ. అయినా మేలో వచ్చింది నమోదైన ఓటర్లలో నూటికి 23 మంది. గెలిచిన గార్సెట్టికి పడ్డవి రెండు లక్షల ఇరవై వేల చిల్లర ఓట్లు. దాదాపు నలభై లక్షల మంది ఉన్న ఊరికి!

2015 మార్చిలో చార్టర్‌కి (నగర పాలన నియమావళికి) రెండు సవరణలు పెట్టి ఎన్నికలను సరి ఏడాదికి మార్చారు. మేయర్‌కి సంబంధించి కొత్త పద్ధతి 2022లో వచ్చింది, గవర్నర్ ఎన్నిక రోజునే. గెలిచిన కారెన్ బాస్‌కి ఐదు లక్షల పైన ఓట్లు వచ్చాయి. లాస్ ఏంజెలెస్ మేయర్ అభ్యర్థికి ఎప్పుడూ అన్ని రాలేదు. ఓడిపోయిన ఆయనకి కూడా 2013లో గెలిచినాయన కంటే ఎక్కువే వచ్చాయి.

శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ళు 2022లో ఓటు వేసి మేయర్ ఎన్నికను ప్రెసిడెంట్ ఎన్నికతో కలిపారు. 2019లో అక్కడ నూటికి 42 మంది లోపు వచ్చారు. 2024లో 79 దాకా వెళ్ళింది. జనం మారలేదు, వీధులు మారలేదు, మారింది తేదీ.

కాలిఫోర్నియా రాష్ట్రమే 2015లో ఒక చట్టం చేసింది. రాష్ట్రవ్యాప్త సాధారణ ఎన్నికలు గత నాలుగింటి సగటు తీసి, దానికంటే ఏ ఊరి ఎన్నికలోనైనా పోలింగ్ 25 శాతం, అంతకు మించి తక్కువైతే ఆ ఊరు తేదీ మార్చుకోవాలని. 2018 నుంచి అమలు. తర్వాత సొంత చార్టర్ ఉన్న నగరాలకి ఇది వర్తించదని అప్పీల్ కోర్టు చెప్పింది, అది వేరే సంగతి. కానీ అప్పటికే చాలా ఊళ్ళు మారిపోయాయి.


గడప గడపకీ (న్యూజెర్సీ)

నేను ఇద్దరు కౌన్సిల్ అభ్యర్థుల కోసం ఇల్లిల్లూ తిరిగినవాణ్ణి. ఒకరికి వేరుగా జరిగిన ఎన్నికలో, ఒకరికి నవంబర్ పెద్ద ఎన్నికలో. అందుకే చెప్తున్నాను, కలపడం అంత తేలిక కాదు.

వేరుగా జరిగినప్పుడు తలుపు తీసినవాళ్ళు మమ్మల్ని నిలబెట్టి అడిగారు. చెత్త బండి వారానికి రెండుసార్లు ఎందుకు రావట్లేదు, పార్కులో దీపాలు ఎప్పుడు పెడతారు అని. ఒకావిడ కుర్చీ వేసి కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు మాట్లాడింది. నవంబర్‌లో తిరిగినప్పుడు మొదటి ప్రశ్న ఒకటే, 'మీది ఏ పార్టీ?' పార్టీ గుర్తు లేని ఎన్నిక అంటే 'సరేగానీ ఏ పార్టీ?' అని మళ్ళీ అడిగేవాళ్ళు. పోస్ట్ బాక్సులో సెనెట్ వాళ్ళవీ గవర్నర్ వాళ్ళవీ నిగనిగలాడే కార్డులు పదిహేను, మధ్యలో మా అభ్యర్థి ఇంట్లో ప్రింట్ చేసిన కాగితం ఒకటి. అది చెత్తబుట్టలోకి పోవడం నా కళ్ళతో చూశాను.

వెన్నెల గారూ, మీరు 2022 గురించి చెప్పారు. అదే ఎన్నికలో ఓడిపోయిన అభ్యర్థి సొంత డబ్బు పది కోట్ల డాలర్లు దాటి ఖర్చుపెట్టాడు కదా. ఓటర్లు లక్షల్లో పెరిగితే వాళ్ళని చేరడానికి అయ్యే ఖర్చూ పెరుగుతుంది. కాళ్ళతో గెలవగలిగే ఎన్నికని టీవీలతో గెలిచే ఎన్నికగా మారుస్తున్నాం. మన ఓటరు గారు రేపు తనే కౌన్సిల్‌కి నిలబడాలనుకుంటే ఏది నయం?

ఇంకో మాట. నవంబర్‌లో గవర్నర్ కోసం వచ్చినాయన కౌన్సిల్ దగ్గరికొచ్చేసరికి ఒక్క పేరూ తెలియక, తెలిసిన ఇంటిపేరుకో మొదటి పేరుకో గీత పెట్టి వెళ్ళిపోతాడు. ఆ ఓటు కాలువ బాగుచేస్తుందా?


క్వీన్స్ మాస్టారు (న్యూయార్క్)

ఇద్దరి మాటల్లోనూ పస ఉంది. అసలీ రెండు ఎన్నికలూ ఎందుకు విడిపోయాయో తెలిస్తే ఇంకాస్త స్పష్టంగా ఉంటుంది.

న్యూయార్క్‌లో నగర ఎన్నికలు బేసి ఏడాదికి వెళ్ళింది 1894 రాష్ట్ర రాజ్యాంగంతో. అప్పట్లో టమనీ హాల్ అనే పార్టీ యంత్రాంగం ఊరంతా గుప్పిట్లో పెట్టుకుంది. వీధి వీధికీ మనిషి ఉండేవాడు, ఉద్యోగం ఇప్పించేవాడు, ఓటు వేయించేవాడు. ప్రెసిడెంట్ ఓటుతో పాటే ఊరి ఓటూ అదే పార్టీకి కొట్టుకుపోయేది. ఊరి ఎన్నికను విడదీస్తే జనం మనిషిని చూసి వేస్తారని సంస్కర్తలు వాదించారు. అది నిజాయితీ గల వాదనే. గడప గడపకీ గారు ఇప్పుడు చెప్పిందీ సరిగ్గా అదే.

కానీ విడదీస్తే ఎవరు ఇంటి దగ్గర ఉండిపోతారో కూడా వాళ్ళలో చాలామందికి తెలుసు. పనికి పోయే కూలీలు, కొత్తగా ఓడ దిగిన వలసవాళ్ళు. అలాంటివాళ్ళ ఓటు తగ్గితేనే ఊరు బాగుపడుతుందని నమ్మిన సంస్కర్తలూ ఉన్నారు. ఇవాళ ఆ వలసవాళ్ళ స్థానంలో ఉన్నది మనం. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 30 పెద్ద నగరాల మేయర్ ఎన్నికలు పరిశీలించారు. ఓటు వేసినవాళ్ళ మధ్యస్థ వయసు 57. మూడో వంతు నగరాల్లో పోలింగ్ 15 శాతం కూడా లేదు. డాలస్, ఫోర్ట్‌వర్త్, లాస్ వేగస్‌లలో అయితే ఒంటి అంకె. ఓటర్లు పలచబడిన చోట ఎవరు బలవంతులు? ఒక విషయం మీద గట్టిగా జట్టుకట్టినవాళ్ళు: ఉద్యోగ సంఘాలు, స్థలాల వ్యాపారులు, ఏ కొత్త కట్టడమూ రావద్దనేవాళ్ళు. వాళ్ళు తప్పు చేస్తున్నారని కాదు. మిగతావాళ్ళు రాకపోవడంతో వాళ్ళ బరువు పెరుగుతుంది.

మా ఊళ్ళో 2021లో మేయర్ ఎన్నికకి నూటికి 23 మంది వచ్చారు. 2025లో కథ మారింది. బేసి ఏడాదే, అయినా ఇరవై లక్షల మందికి పైగా ఓటు వేశారు, 1969 తర్వాత అంతమంది అదే. అదే రోజు అదే బ్యాలెట్ మీద 'నగర ఎన్నికను ప్రెసిడెంట్ ఎన్నికతో కలుపుదామా' అని అడిగితే వద్దన్నవాళ్ళే నెగ్గారు. నేను కలపమని వేశాను. మా అబ్బాయి వద్దని వేశాడు. 'నాన్నా, ఈసారి అందరూ మన అద్దె గురించీ బస్సు గురించీ నెలల తరబడి మాట్లాడుకున్నారు. ప్రెసిడెంట్ ఎన్నిక పక్కన పెడితే ఆ మాటలు వినపడేవా?' అన్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు.


వ్యాలీలో వెన్నెల

మాస్టారూ, నేను జవాబు చెప్పనా? 2025లో ఆ పోటీ దేశమంతా చూసింది. అలాంటిది ప్రతి నాలుగేళ్ళకీ వస్తుందా? చిన్న ఊళ్ళకి అసలు వస్తుందా? అన్న వాళ్ళ జిమ్‌లో ఇద్దరే ఉన్నారు. మంచి అభ్యర్థి దొరికితేనే జనం వస్తారనడం వాన పడితేనే చెరువు నిండుతుందని కూర్చోవడం లాంటిది. కాలువ తవ్వుకోవాలి కదా.


బ్యాలెట్ పెట్టె పక్కన (ఆస్టిన్)

పోలింగ్ కేంద్రంలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. లోపలి నుంచి కనపడేది చెప్తాను తమ్ముడూ.

నవంబర్ బ్యాలెట్ చాలా పొడుగు. టెక్సస్‌లో జడ్జిలని కూడా ఎన్నుకుంటాం, ఆ పేర్లే తెర మీద పేజీలకి పేజీలు వస్తాయి. అవన్నీ దాటాక ఎక్కడో చివర నగరం. సగంలో 'ఇంకా ఎంత ఉందమ్మా' అని అడిగేవాళ్ళు రోజుకి పదిమంది. కింద ఖాళీగా వదిలేసి వెళ్ళేవాళ్ళు ఉంటారు, అది నిజమే. ఇక్కడ 2020 ముందు ఒక్క మీట నొక్కితే పార్టీ వాళ్ళందరికీ ఓటు పడే పద్ధతి ఉండేది. ఆ మీట నొక్కి, పని అయిపోయిందనుకుని, పార్టీ లేని నగరం ఓటు వేయకుండానే బయటికొచ్చేవాళ్ళు. తర్వాత ఆ మీట తీసేశారు.

అయినా లెక్క చూడండి. వంద మంది వచ్చి ఇరవై మంది కింది భాగం వదిలేస్తే ఎనభై మిగులుతారు. వేరుగా పెడితే మొత్తం వచ్చేదే పదిహేనో ఇరవయ్యో. గడప గడపకీ గారు చెప్పిన 'పేరు చూసి గీత పెట్టే' వాళ్ళని కూడా తీసేసినా, ఆలోచించి వేసేవాళ్ళు ఎక్కువమందే ఉంటారని నా నమ్మకం. వేరే ఎన్నికకి వచ్చినవాళ్ళందరూ అన్నీ చదువుకునే వస్తారనీ అనుకోవద్దు. 'వీళ్ళలో మంచివాళ్ళెవరమ్మా' అని నన్నే అడిగేవాళ్ళు అప్పుడూ ఉంటారు. మేం చెప్పకూడదు, అది రూలు.

మీరు తప్పక అడగాల్సింది మరొకటి ఉంది: రెండో విడత. ఆస్టిన్‌లో నవంబర్‌కి మార్చాలని 2012లోనే ఓటర్లు ఒప్పుకున్నారు, 2014 నుంచి అలాగే జరుగుతోంది. కానీ సగం ఓట్లు ఎవరికీ రాకపోతే డిసెంబర్‌లో మళ్ళీ పోటీ. 2022 నవంబర్‌లో సీలియా ఇజ్రాయెల్ ముందున్నారు. డిసెంబర్‌లో జనం బాగా తగ్గారు, కర్క్ వాట్సన్ వెయ్యి ఓట్ల లోపు తేడాతో గెలిచారు. ఎవరు గెలవాల్సిందని నేననడం లేదు. నవంబర్‌లో లైన్లలో నిలబడ్డ జనం, అసలు తీర్పు రోజున ఇంట్లో ఉన్నారు. ఆ డిసెంబర్ రోజున మా కేంద్రంలో మధ్యాహ్నం రెండు గంటల పాటు ఒక్కరూ రాలేదు. నేను పెన్సిళ్ళు సర్దుకుంటూ కూర్చున్నాను. మీ చార్టర్‌లో గెలుపు ఎలా తేలుస్తారో ముందు చదవండి.


బేసి ఏడాది ఓటరు

అక్కా, మీరు చెప్పింది చదివి రాత్రే చార్టర్ తెరిచాను. మా దగ్గర రెండో విడత లేదు. అభ్యర్థులు ఎక్కువైతే ఆగస్టులో ప్రైమరీ పెట్టి తగ్గిస్తారు, నవంబర్‌లో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళే గెలిచినట్టు. ఆ ప్రైమరీ కూడా సరి ఏడాది ఆగస్టుకే వెళ్తుంది, రాష్ట్ర ప్రైమరీ అప్పుడే కాబట్టి.

కానీ మీరు తీసేశారన్న మీట మాకు ఉంది. మిషిగన్‌లో 2018లో ఓటర్లే దాన్ని మళ్ళీ తెచ్చుకున్నారు. పైన ఒక పార్టీ గడి నింపితే ఆ పార్టీ వాళ్ళందరికీ పడుతుంది. పార్టీ లేని భాగం మాత్రం వేరుగా నింపాలి. అది తెలియక మనవాళ్ళు ఎంతమంది కాగితం వెనక్కి తిప్పకుండానే మిషన్‌లో పెట్టేస్తారో! ఈ గొయ్యే నాకు కనపడకుండా ఉంది. థాంక్స్ అక్కా.

ఇంకోటి కూడా తెలిసింది. మా రాష్ట్రంలో టౌన్‌షిప్పుల (నగరాల బయట ఉండే స్థానిక పాలన ప్రాంతాల) ఎన్నికలు ఎప్పటినుంచో ప్రెసిడెంట్ ఏడాదిలోనే. స్కూల్ బోర్డులని 2011 చట్టంతో సరి ఏడాది నవంబర్‌కి మార్చారు. రోడ్డుకి అటు టౌన్‌షిప్, ఇటు మా నగరం. అటువాళ్ళు లైన్లో నిలబడి ఎన్నుకుంటారు, ఇటు మేం ఖాళీ జిమ్‌లో.

ఖర్చు సంగతి కూడా అడిగి తెలుసుకున్నాను. మిషిగన్‌లో ఎన్నిక నడిపేది కౌంటీ కాదు, నగర క్లర్క్ ఆఫీసే. సరి ఏడాదిలో వాళ్ళు ఎలాగూ జిమ్ తెరవాలి, సిబ్బందిని పెట్టాలి, పోస్టల్ బ్యాలెట్లు పంపాలి. బేసి ఏడాదిలో అదంతా మా నగరం కోసమే మళ్ళీ చేయాలి. అయితే నా వరకు డబ్బు రెండో సంగతి. ఖర్చు ఎక్కువైనా నలుగురూ వచ్చే ఎన్నికైతే నేను వద్దనను.


మూసీ ఒడ్డు (హైదరాబాద్)

ఇక్కడి నుంచి ఒక మాట. ఇది మీ ఊరి సంగతే అయినా చదువుతుంటే ఆగలేకపోయాను.

మా దగ్గరా ఇదే చర్చ వేరే రూపంలో ఉంది. జమిలి ఎన్నికల మీద కోవింద్ కమిటీ 2024 మార్చిలో ఇచ్చిన నివేదికలో లోక్‌సభ, అసెంబ్లీలు ఒకేసారి పెట్టి, ఆ తర్వాత 100 రోజుల్లోపు మున్సిపాలిటీలు, పంచాయతీల ఎన్నికలు జరపాలంది. అదే ఏడాది డిసెంబర్‌లో పార్లమెంటులో పెట్టిన బిల్లులో మాత్రం మొదటి భాగమే ఉంది, స్థానిక సంస్థలు లేవు.

కలిపితే జనం వస్తారన్నది మీ దగ్గర నిజమేమో. హైదరాబాద్‌లో అంత నమ్మకంగా చెప్పలేను. 2020 డిసెంబర్ జీహెచ్ఎంసీ ఎన్నికకి నూటికి 46 మంది అటూ ఇటూ వచ్చారు. 2023 అసెంబ్లీ ఎన్నికకి కూడా హైదరాబాద్ జిల్లాలో సగం దాటలేదు. రెండూ ఒకే రోజు పెట్టినా మా సిటీలో పెద్ద తేడా రాదనిపిస్తుంది.

పైది కిందిదాన్ని లాక్కుపోతుందా అనే ప్రశ్నకి మాత్రం మన దగ్గర సాక్ష్యం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ, లోక్‌సభ ఒకే రోజు. 2019లో వైసీపీకి 175కి 151 అసెంబ్లీ, 25కి 22 ఎంపీ సీట్లు. 2024లో కూటమికి 164, 21. గాలి ఎటు వీస్తే రెండూ అటే. కానీ ఒడిశా చూడండి. 2019లో ఒకే రోజు వేసిన ఓట్లలో అసెంబ్లీకి బీజేడీని 146లో 112 చోట్ల గెలిపించి, లోక్‌సభకి 21లో 8 బీజేపీకి ఇచ్చారు. ఐదేళ్ళ ముందు బీజేడీకి 20 ఇచ్చిన జనమే. అంటే ఓటరు తలుచుకుంటే ఒకే గదిలో నిలబడి రెండు తీర్పులు ఇస్తాడు. మీ కౌన్సిల్‌కి పార్టీ గుర్తే లేదంటున్నారు కాబట్టి కొట్టుకుపోయే భయం ఇంకా తక్కువ.


గడప గడపకీ

మూసీ ఒడ్డు గారి మాట బాగుంది. ఒడిశా సంగతి నాకు తెలియదు.

నా భయం పూర్తిగా పోలేదు. అయితే నిన్న రాత్రి ఒక విషయం ఆలోచించాను. ఆ వేరే ఎన్నికలో మేం తిరిగిన ఇళ్ళు ఏవి? గతంలో ఓటు వేసినవాళ్ళ జాబితా తీసుకుని ఆ ఇళ్ళకే వెళ్ళాం. అద్దెకుండే అపార్ట్‌మెంట్ల వైపు అసలు పోలేదు, 'వాళ్ళు రారు, టైం దండగ' అని. అంటే ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడిన ఆవిడ ఎప్పుడూ ఓటు వేసే మనిషి. మేం తట్టని తలుపుల వెనక ఎవరున్నారో, వాళ్ళకి ఏం కావాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఇది ఒప్పుకోవడం కష్టంగానే ఉంది.

కలిపేదైతే ప్రెసిడెంట్ ఏడాదిలో వద్దు, గవర్నర్ ఏడాదిలో పెట్టండి. ఆ హోరు కొంత తక్కువ. 2022లో మిషిగన్‌లో కూడా 44 లక్షల పైన ఓటు వేశారు కదా, జనానికి కొదవ లేదు.


వాన చినుకు (సియాటిల్)

మధ్యే మార్గం ఒకటి ఉంది. మా దగ్గర బ్యాలెట్ ఇంటికే వస్తుంది, దాంతో పాటు ప్రతి అభ్యర్థీ తన మాటల్లో రాసుకున్న పుస్తకం. వంటింటి బల్ల మీద పెట్టుకుని మా పాపతో కలిసి చదువుతాను. పొడుగు బ్యాలెట్ అయినా తొందర లేదు. 

కింగ్ కౌంటీ పదవులని సరి ఏడాదికి మార్చాలని 2022లో అడిగితే నూటికి 69 మంది సరేనన్నారు. అందులో నేనూ ఉన్నాను. మీ దగ్గర ఎవరైనా కారణం చెప్పకుండానే పోస్టల్ బ్యాలెట్ తెచ్చుకోవచ్చు కదా. మీ వీధి వాళ్ళ చేత ముందు ఆ దరఖాస్తు పెట్టించండి. తేదీ మారడానికి ఏళ్ళు పడుతుంది, అది మాత్రం ఈ వారమే అవుతుంది.


క్వీన్స్ మాస్టారు

ఓటరు గారూ, మీటింగ్‌కి వెళ్ళేముందు ఇంకొక్కటి. తేదీ మారితే ఇప్పుడున్నవాళ్ళ పదవీకాలం ఏమవుతుందో అడగండి. మూడొంతుల గొడవ అక్కడే వస్తుంది.

లాస్ ఏంజెలెస్‌లో మార్పు కుదరడానికి 2017లో గెలిచినవాళ్ళకి నాలుగేళ్ళకి బదులు ఐదున్నరేళ్ళు ఇచ్చారు. బాల్టిమోర్‌లో 2011లో గెలిచిన మేయర్‌కి ఐదేళ్ళు. శాన్‌ఫ్రాన్సిస్కో మేయర్‌కి ఒక ఏడాది అదనం. నార్త్ కరొలైనాలో రాలీ నగర ఎన్నికను 2021 నుంచి 2022కి రాష్ట్ర లెజిస్లేచరే జరిపేసింది, ఊరివాళ్ళ ఓటు అడగకుండా. కౌన్సిల్‌కి ఏడాది కలిసొచ్చింది, జనానికి కోపం వచ్చింది. ఆస్టిన్ పద్ధతి వేరు. మేయర్ ఎన్నిక ప్రెసిడెంట్ ఏడాదికి జరపడానికి 2022లో గెలిచినాయనకి రెండేళ్ళే ఇచ్చి 2024లో మళ్ళీ నిలబడమన్నారు. పెంచడం కంటే తగ్గించడమే న్యాయమని నా అభిప్రాయం. మన ఓటు లేకుండా ఎవరికీ ఒక్క రోజు కూడా అదనంగా రాకూడదు.


బ్యాలెట్ పెట్టె పక్కన

మాస్టారి మాటే నాదీను. 2024లో వాట్సన్ సగం గీత కొద్దిగా దాటడంతో డిసెంబర్ విడత అవసరమే రాలేదు, ఆ ఏడాది నాకు డిసెంబర్ డ్యూటీ కూడా పడలేదు.

తమ్ముడూ, మూడు నిమిషాలంటే చాలా తక్కువ. కాలువ గురించి మొదలుపెట్టండి. అంకెలు తర్వాత.


బేసి ఏడాది ఓటరు

నిన్న రాత్రి మీటింగ్ అయింది. మీకు చెప్పకుండా నిద్ర పట్టేలా లేదు.

మాట్లాడటానికి పేరు ఇచ్చినవాళ్ళం తొమ్మిది మంది. ఐదుగురు వద్దన్నారు, నలుగురం కావాలన్నాం. అక్క చెప్పినట్టే బేస్‌మెంట్‌తో మొదలుపెట్టాను. వీణ గురించి చెప్పేటప్పుడు గొంతు పట్టేసింది, అరనిమిషం అక్కడే పోయింది. ఖాళీ జిమ్, రోడ్డుకి అటు ఉన్న టౌన్‌షిప్, ఆ రెండూ చెప్పి, మూడు కోరాను. గవర్నర్ ఏడాదిలోనే కలపండి. ఇప్పుడున్న ఎవరి పదవీకాలమూ పెంచకండి, రెండు మూడేళ్ళ చిన్న పదవీకాలం ఒకసారి పెట్టి సర్దండి. బ్యాలెట్ వెనక్కి తిప్పమని పోలింగ్ గదిలో పెద్ద బోర్డు పెట్టండి. గంట మోగింది.

నా తర్వాత మాట్లాడింది ఆ రోజు జిమ్‌లో చేతికర్రతో కనపడ్డ పెద్దాయన! ఆయన వద్దన్నాడు. నలభై ఏళ్ళుగా ఒక్క నగర ఎన్నిక కూడా తప్పలేదట. 'ప్రెసిడెంట్ గొడవలో పడి మా ఊరి సంగతి మరిచిపోతారు' అన్నాడు. గడప గడపకీ గారూ, అచ్చం మీరు మాట్లాడినట్టే ఉంది. బయటికొచ్చాక కారు దగ్గర నిలబడి అరగంట మాట్లాడుకున్నాం. వాళ్ళ బేస్‌మెంట్‌లోకీ నీళ్ళొచ్చాయట. ఎన్నిక ఎప్పుడు పెట్టాలన్నది తేలలేదు గానీ, కాలువ మీద ఇద్దరం కలిసి అర్జీ పెడదామనుకున్నాం.

పదవీకాలం పెంచే మాట ప్రతిపాదనలో నిజంగానే ఉంది మాస్టారూ, ఒక ఏడాది. నేను అడిగాక ఇద్దరు కౌన్సిల్ సభ్యులు అది తీసేద్దామన్నారు. నగర లాయర్ మళ్ళీ రాసి తెస్తారు. ఆ తర్వాత ఓటర్ల ముందుకు పెట్టాలా వద్దా అన్నది తేలుతుంది.

వాన చినుకు గారూ, మా వీధిలో పదకొండు ఇళ్ళలో ఆరిళ్ళ వాళ్ళు పోస్టల్ బ్యాలెట్‌కి దరఖాస్తు పెట్టారు. రెండిళ్ళ వాళ్ళకి ఇంకా సిటిజెన్‌షిప్ రాలేదు. మిగిలిన మూడిళ్ళకి శనివారం వెళ్తున్నాను.


గడప గడపకీ

అపార్ట్‌మెంట్ల వైపు కూడా వెళ్ళండి. తట్టేముందు ఏం చెప్పాలో నేను రాసి పంపుతాను, నా దగ్గర పాత కాగితం ఉంది, మారుస్తాను.